మచ్చ కోసం మొక్కు

తిరుమల కల్యాణకట్టలో వనజాక్షి జడ విప్పిన అమల, కత్తి పట్టుకున్న చేతిని ఆమె చెవి దగ్గర ఆపింది.

“ఇదేందమ్మా, కుట్లేసిన గుర్తు ఇంకా ఎర్రగా ఉండాది?”

“ముఖం ముడతలు పోవాలని ఆపరేషన్ చేయించుకున్నా. నాలుగు నెలలైంది. ఎండ తగలనీకుంటే ఏడాదికి మచ్చ పాలిపోతాదని, అంతదాకా జుట్టే దాన్ని కప్పుతాదని డాక్టరు చెప్పినాడు.”

“మరి గుండు ఎందుకు మొక్కుకున్నారు?”

“నేను మొక్కలేదు. మచ్చ పోవాలని మా ఆయన మొక్కినాడు, నా జుట్టు.”

మచ్చను దాచే జుట్టునే ఇస్తానన్న భర్త అమాయకత్వం మీద వనజాక్షికి రెండు రోజులుగా కోపం రగులుతూనే ఉంది.

“దేవుడి కాడ డాక్టరు మాటలెందుకు?” అన్నాడు పక్కనే నిలబడ్డ ఆ భర్త, రంగనాథం.

“ఆడోళ్లు మూడు కత్తెర్లిచ్చినా సాలన్నా,” అంది అమల. “మొక్కూ తీరుతాది, మచ్చా కనపడదు.”

“కుదరదు. పూర్తిగా గొరుగు. ఆదివారం పెండ్లికొచ్చినోళ్లంతా చూడనీ, ఈమెకు వయసు యాడ తగ్గిందో.”

వనజాక్షి అతని ముఖంలోకి చూసింది. కోత ఎక్కడ పడుతుందో డాక్టరు పెన్నుతో గీసి చూపినప్పుడు, ఈయన పక్కనే కూర్చుని అంతా విన్నాడు. అమాయకత్వమని తాను పొరబడింది.

ఆమె లేచి జుట్టు ముడి వేసుకుంది.

“మొక్కింది ఈయన. మగోళ్ల వరసలో కూర్చోబెట్టమని చెప్పమ్మా,” అంది అమలతో. “వాళ్లకు మూడు కత్తెర్లు లేవు కదా?”

నిన్ననే నల్లరంగు వేసుకున్న తన జుట్టు మీదికి రంగనాథం చెయ్యి దానంతటదే పోయింది.