కోయని మూల

ఆరోజు ఇంట్లో ఉన్నది ముగ్గురే. మట్టయ్య, చూపు పోయిన అతని తల్లి అచ్చమ్మ, పదో తరగతి చదివే అతని కూతురు సువార్త.

తెల్లవారితే చర్చిలో కోతపండుగ. సువార్త తల్లి చర్చి అలకడానికి వెళ్లింది.

మిర్యాలగూడ పక్కనున్న ఆ ఊరికి సాగర్ కాలువ నీళ్లు వచ్చాక మట్టయ్య పండించిన తొలి వరి అది. దేవునికి ఇవ్వాల్సిన తొలి కట్ట అరుగు మీద ఉంది.

"పొలంల మూల ఇడిసినవా కొడుకా?" అచ్చమ్మ అడిగింది.

"ఏ మూల?"

"బీదోళ్లకు, పరదేశులకు ఒక మూల కోయకుండ ఇడువుమని మోషే చెప్పలే?"

"అది పాత ధర్మశాస్త్రం అవ్వా. క్రీస్తు వచ్చినంక నెరవేరింది. మనం ఇప్పుడు కృప కింద ఉన్నం."

"మరి తొలి కట్ట? గది గూడ మోషే చెప్పిందే గద."

"అది దేవునికి."

"మూల ఎవరికి మరి?"

మట్టయ్య తల గోక్కున్నాడు. సువార్త ఓణీ అడ్డం పెట్టుకుని నవ్వింది.

అచ్చమ్మ మళ్లీ తాను చిలుకూరులో ఉన్నప్పటి సంగతి ఎత్తుకుంది. సువార్తకు అది కంఠతా వచ్చు.

"కరువు కాలం. మీ నాయన సంకల పిల్లగాడు. గొర్లు కాసే రేణుకమ్మ తన పొలంల ఒక మూల కోయనియ్యకపోయేది. కూలోళ్లు మరిచి కోస్తరని గడ్డితాడు సుట్టి ముడేసేది. రెండు మెలికలేసి, కొస లోపటికి దోపేది. అట్ల ఇంకెవ్వరు కట్టంగ నేను సూడలే."

"నువ్వు కోసుకుంటుంటే అటు తిరిగి నిలబడేది," సువార్త అందించింది.

"నాకు సిగ్గు గావద్దని బిడ్డా. బీరప్పను మొక్కే మనిషి. మోషే ఎవరో ఆమెకు తెల్వది. నా పాణం పోకముందు ఆమెకు ఒక్కపూట నా చేత్తో అన్నం పెట్టాలె. దేవుడు గిదొక్కటి తీరిస్తె సాలు."

అలా అంటూనే గోడకు ఒరిగి నిద్రలోకి జారింది.

బయట అలికిడైంది. సువార్త వెళ్లి చూసింది.

అరుగు ముందు ఒక ముసలామె. భుజాన ఖాళీ సంచి.

"పరిగె ఏరుకుందామని వచ్చిన బిడ్డా. మీ పొలంల ఏమన్న మిగిలిందా?"

"నాయననడిగి వస్త, ఉండవ్వా," అంది సువార్త. లోపలికి వెళ్లి తండ్రికి చెప్పింది.

"ఏం లేదని చెప్పు. మూలమూలలు ఊడ్చి తెచ్చినం."

తిరిగి వచ్చేసరికి ముసలామె వదులైన తొలి కట్టను సర్ది కడుతోంది.

"గింజ రాలిపోతాంది బిడ్డా," అంది.

మట్టయ్య లోపలి నుంచే చూశాడు. "ఏయ్ అవ్వా, దేవుని కట్ట అది! అందరు ముట్టేది గాదు. సువార్తా, అది లోపట పెట్టి తలుపెయ్."

ఒక చేటెడు వడ్లు పోయాలని సువార్తకు ఉంది. నాయన ఎదురుగా నోరు రాలేదు.

కట్ట తెచ్చింది. తలుపు వేసింది.

పొద్దు వాలాక అచ్చమ్మ లేచింది. "ఆ కట్ట ఇటియ్యి. కొత్త వడ్ల వాసన సూస్త."

కట్టను ఒళ్లో పెట్టుకుని తడిమింది. వేళ్లు తాడు దగ్గర ఆగిపోయాయి.

ఒక మెలిక. ఇంకో మెలిక. లోపలికి దోపిన కొస.

"ఎవరు కట్టిండ్రు ఇది?"

"నేనే గదవ్వా," అన్నాడు మట్టయ్య.

"నీ ముడి గాదు కొడుకా ఇది."

"పగటీలి పరిగె ఏరుకుంటందుకు ఒక అవ్వ వచ్చింది నాయనమ్మా. ఆమె కట్టింది."

మట్టయ్య గబగబా వెళ్లి తలుపు తీశాడు. బాట మీద ఎవరూ లేరు.

అచ్చమ్మ వేళ్లు ఆ ముడి మీదనే ఉన్నాయి. "పోయేటప్పుడు ఏమన్న అన్నదా బిడ్డా?"

"ఏం అనలే నాయనమ్మా," సువార్త కళ్లు తుడుచుకుంది. "నేను తలుపేస్తుంటే అటు తిరిగి నిలబడ్డది."