గుండీపువ్వు

"ఇంకా గంటన్నరే ఉంది. తవ్వండి," అంది ఆమె.

భర్త గునపం పట్టుకున్నాడు గానీ దించలేదు. "ఇది దొంగపని కాదంటావా?"

"దీని గింజలు నేను ఏరింది ఈ మైదానంలోనే. పిల్లని పుట్టింటికి పంపుతున్నాం, అంతే. అది కూడా తప్పేనా?"

ఆమె చంకలో పగిలిన బకెట్టు, అందులో ఒక మొక్క. జానెడు కూడా లేదు. సన్నటి ఆకులు, కొసన చొక్కా గుండీ అంత నీలం పువ్వు. మూడు రోజులుగా మొగుడూ పెళ్లాలిద్దరూ మోకాళ్లు కొట్టుకుపోయేలా పాకి మైదానమంతా గాలించారు. నీలం అన్నది ఎక్కడా కంటపడలేదు. చివరికి వంటింటి కిటికీలో పెరిగిన ఈ ఒక్కటే దిక్కయింది.

మైదానం అంచున వాళ్ల ఇల్లు. ఇంటి ముందు పన్నెండు దండేలు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికి అక్కడ ఆరేస్తారు. నాలుగు వేళ్లు నోట్లోకి పోయేది వాటి వల్లే. సోమవారం బుల్డోజరు వస్తుంది, గోడౌను కడతారు. ఇల్లూ దండేలూ అన్నీ దాని కిందే. ఆపగలిగేది ఒక్కటే. ప్రభుత్వం అచ్చువేసిన అరుదైన మొక్కల పట్టికలో గుండీపువ్వు ఉంది, రంగుల బొమ్మతో సహా. అది తనంతట తాను మొలిచిన నేల జోలికి ఎవరూ పోకూడదు. పది గంటలకి మొక్కల ఆఫీసరు చూడటానికి వస్తున్నాడు.

"ఆ పల్లంలో తవ్వండి. దీనికి తడంటే ప్రాణం. రోజూ రెండు గ్లాసులు తాగుతుంది."

పల్లంలో రాళ్లు లేని చోటు ఒక్కటే ఉంది. అక్కడ ఏదో పిచ్చిమొక్క వెడల్పాటి ఆకులు నేలకి పరుచుకుని తీరిగ్గా కూర్చుంది. భర్త గునపంతో పెకలించాడు, రాలేదు. రెండు చేతులా పట్టుకుని గుంజితే ఊడివచ్చింది, ఆయన వెల్లకిలా పడ్డాడు.

"మీ అన్నయ్యకన్నా మొండిది," అన్నాడు లేస్తూ. "వేరు సగంలో తెగింది. మళ్లీ మొలుస్తుందేమో."

"మొలిస్తే అప్పుడు పీకొచ్చు. ముందు దీన్ని పెట్టండి."

ఆయన పీకినదాన్ని పల్లం అవతల ఎండలోకి విసిరేశాడు. గోతిలో నీలం పువ్వు మొక్క పెట్టి, మట్టి కప్పి, చుట్టూ గడ్డి సర్దారు. ఆమె నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుంది. ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టుంది. మూడు రోజుల తర్వాత మొదటిసారి ఆమెకి ఊపిరి ఆడింది.

ఆఫీసరు చెప్పిన టైముకే వచ్చాడు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. ప్యాంటు మోకాళ్ల దగ్గర ఉతికినా పోని పచ్చ మరకలు. పువ్వు కనపడగానే దాని పక్కన చతికిలబడ్డాడు.

"పద్దెనిమిదేళ్లయిందమ్మా దీన్ని చూసి," అన్నాడు.

తర్వాత మట్టిలో వేలు పెట్టాడు. వేలికి అంటుకున్నది నలిపి, వాసన చూశాడు.

"ఈ మైదానం టీ తాగుతుందా అమ్మా?"

బకెట్టులో ఎరువుగా వేసిన టీ పొడి. ఆమె వంగి కాళ్ల మీద పడబోతే ఆయన గబుక్కున చేతులు పట్టుకుని ఆపాడు.

"నేనే నాటాను సార్. కానీ గింజలు ఇక్కడివే, నా పిల్లల మీద ఒట్టు. ఈ చోటు పోతే మాకు నిలువ నీడ లేదు."

"గింజలు ఇక్కడివంటే నమ్ముతాను. కానీ నాటిందీ, పీకి తెచ్చిందీ లెక్కకి రావు. తనంతట మొలిచి, నేలలో వేరున్నది ఒక్కటి చూపించండి. ఒక్కటి చాలు, ఇక్కడే సంతకం పెడతాను. ఇది పోవాలని నాకు మాత్రం ఉంటుందా?"

ఆయనే లేచి వంగుని పల్లమంతా రెండు చుట్లు తిరిగాడు. గడ్డిని పాపిడి తీసినట్టు విడదీసి చూశాడు. ఏమీ లేదు. "ఉంటే ఈ తడిలోనే ఉండాలి," అంటూ మళ్లీ పువ్వు దగ్గరికే వచ్చి కూలబడ్డాడు.

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు," అన్నాడు భర్త నీరసంగా. "మూడు రోజులు వెతికాం సార్. ఒక్క పువ్వు లేదు."

"పువ్వు కోసం వెతికారా?" ఆఫీసరు తల పట్టుకున్నాడు. "బయట ఇది ఇంకో రెండు నెలలకి గానీ పూయదు. కిటికీ వెచ్చదనానికి మీది తొందరపడింది. ఆకులు కూడా అందుకే ఇలా సన్నగా సాగాయి. బయటైతే వెడల్పుగా నేలకి అంటుకుని ఉంటాయి. ఎవరైనా పిచ్చిమొక్కే అనుకుంటారు. నాకైనా వేరు చూస్తే గానీ నమ్మకం కలగదు. సగంలో తెగినట్టు మొండిగా ఉంటుంది. అది తెగడం కాదు, దాని పుట్టుకే అంత."

ఆమె భర్త వంక చూసింది. ఆయన తన అరచేతుల వంక చూసుకుంటున్నాడు.

"అలాంటిది ఒకటి చూశాం సార్," అన్నాడు.

ఆఫీసరు ముఖం వెలిగింది. కాగితాలు ఒళ్లో పెట్టుకుని, పెన్ను మూత తీశాడు. "ఎక్కడ? ఈ మైదానంలోనేనా?"

"ఈ గోతిలోనే సార్. దీన్ని నాటడానికి చోటు కావాలని పొద్దున మేమే పీకేశాం."