గులాబీ రంగు కారు

"ఇవాళే దొరికిందా నీకు ముహూర్తం?" అంది లమ్యాయ్, కొడుకు చేతిలోని హెయిర్ డ్రయర్ వంక చూస్తూ. ఆ హెయిర్ డ్రయర్ ఆవిడది.

ఫానువత్ తల ఎత్తలేదు. తన తెల్ల స్పోర్ట్స్ కారు డిక్కీ మీదున్న వెండి అక్షరాలకి వేడిగాలి పట్టిస్తున్నాడు. జిగురు మెత్తబడగానే వాటి వెనక గాలపు దారం దూర్చి, రంపం లాగినట్టు అటూ ఇటూ లాగాడు. అక్షరాలు ఊడి అరచేతిలో పడ్డాయి. మిగిలిన జిగురుని బొటనవేలితో ఉండలు చేసి తీసేశాడు. వాటి చోట పెట్టడానికి ఎర్ర బ్యాడ్జీ తెప్పించి ఉంచాడు. అదే కారులో రేసు రకానికి మాత్రమే కంపెనీ వాళ్లు పెట్టే బ్యాడ్జీ అది. ఇతనిది మామూలు రకం.

మధ్యాహ్నం భోజనానికి అతను ప్రేమించిన సిరిన్యా వాళ్ల నాన్న వస్తున్నాడు, కుర్రాణ్ని చూసుకోవడానికి. ఆయన కాదంటే సిరిన్యా తండ్రి మాట దాటదు. సిరిన్యా లేకపోతే ఫానువత్ బతుకు ఎందుకూ పనికిరాదు, కనీసం అతను అలా అనుకుంటున్నాడు. ఆ పిల్ల ఫోనులో ఒక్కటే చెప్పింది, మా నాన్న మనిషికంటే ముందు కారు చూస్తాడని. ఎందుకు చూస్తాడో ఇతను అడగలేదు. అడగాల్సిన అవసరం కనపడలేదు.

"అంటే ఇప్పుడిది రేసు కారా?" అంది లమ్యాయ్.

"చూసేవాళ్లకి అంతే."

"చూసేవాళ్లలో అంగారకుడు కూడా ఉంటాడు."

ఫానువత్ మంగళవారం పుట్టాడు. మంగళవారం పుట్టినవాడికి గులాబీ కలిసొస్తుంది, తెలుపు అచ్చిరాదు. అందుకని కారు కొన్న రోజే జోస్యుడి మాట ప్రకారం లమ్యాయ్ దాని వెనక ఒక స్టిక్కర్ వేయించింది. 'ఈ కారు గులాబీ రంగు' అని. థాయిలాండ్‌లోని ఈ కోరాట్ ఊళ్లో ఏ వీధికి వెళ్లినా ఇలాంటివి కనిపిస్తాయి. పచ్చదాన్నని చెప్పుకునే ఎర్ర కారు, తెల్లదాన్నని చెప్పుకునే నల్ల కారు. గ్రహాలు చదివి శాంతిస్తాయి. మనుషులు చదివి, ఇంకే రంగైనా కావచ్చు గానీ ఆ రంగు మాత్రం కాదని తెలుసుకుని తమ దారిన పోతారు.

స్టిక్కర్ చదివి గులాబీ అని నమ్మిన అంగారకుడు బ్యాడ్జీ చదివి రేసు కారని నమ్మడా, అన్నది లమ్యాయ్ వాదన. మంగళవారం పుట్టినవాడికి వేగంలో గండం ఉందట. లోపలికి వెళ్లమ్మా అన్నాడు ఫానువత్. ఆవిడ లోపలికి వెళ్లలేదు, స్కూటర్ తీసుకుని బజారుకి వెళ్లింది.

అతను వెనక ఎర్ర బ్యాడ్జీ అంటించి, ముందు జాలీ మీద ఇంకొకటి బిగించాడు. అది గేటుకి ఎదురుగా కనపడేలా కారు వెనక్కి తిప్పి గోడ దగ్గర పెట్టాడు. తర్వాత స్నానానికి వెళ్లాడు. అప్పుడే లమ్యాయ్ కొత్తిమీర కట్టా, ఒక కాగితం చుట్టా పట్టుకుని తిరిగొచ్చింది.

సిరిన్యా తండ్రి ప్రసోంగ్ లావుపాటి నెమ్మది మనిషి. రాగానే కారు ముందు ఆగాడు. ఎర్ర బ్యాడ్జీ మీద వేలు పెట్టి నొక్కి చూశాడు. వచ్చి భోజనానికి కూర్చున్నాడు.

సగం భోజనం అయ్యాక ప్రసోంగ్ తన పని గురించి చెప్పాడు. రోడ్డు మీద ప్రమాదం జరిగితే ముందుగా చేరే సహాయక బండి ఆయన నడుపుతాడు. ఆ ఎర్ర బ్యాడ్జీ ఉన్న కార్లలోంచి ఎందరు పిల్లల్ని బయటికి తీశాడో చెప్పబోయి, అన్నం ముందు వద్దులే అని మానేశాడు. అలాంటి కారు నడిపేవాడికి కూతుర్నిచ్చేది లేదన్నాడు.

"కానీ నీ బ్యాడ్జీ వంకరగా ఉంది బాబూ," అన్నాడు. "కంపెనీ వాళ్లు అలా పెట్టరు. నువ్వే అంటించావా?"

తేలు కుట్టిన దొంగలా కూర్చున్న ఫానువత్‌కి ప్రాణం లేచొచ్చింది. "నేనే మావయ్యగారూ. పొద్దున్నే అంటించాను. ఇది వట్టి మామూలు కారు."

ప్రసోంగ్ కడుపారా నవ్వాడు. వయసులో తనూ ఇలాంటివి అంటించానన్నాడు. అంటించుకునేవాళ్లు ఎక్కడ ఊడిపోతాయోనని నెమ్మదిగా నడుపుతారు, వాళ్లే మేలన్నాడు. లమ్యాయ్‌ని అడిగి మళ్లీ అన్నం వేయించుకున్నాడు. వచ్చే వారం భార్యని తీసుకొస్తాను, పెళ్లి మాటలు మాట్లాడుకుందామన్నాడు. ఫానువత్‌కి సంతోషంతో కళ్లు తడిశాయి, కారం ఎక్కువైందని తల్లి మీద నెట్టాడు.

వెళ్లేముందు ప్రసోంగ్‌కి సరదా పుట్టింది. "వెనకది కూడా వంకరేనా?" అంటూ కారుకీ గోడకీ మధ్యకి నడిచాడు. అక్కడే నిలబడిపోయాడు.

ఎంతకీ రాకపోతే ఫానువత్ వెళ్లి చూశాడు. 'ఈ కారు గులాబీ రంగు' అన్న పాత స్టిక్కర్ కింద, అదే అచ్చులో, కొత్తది మెరుస్తోంది. 'ఈ కారు మామూలు రకం, రేసు కారు కాదు.'

"ఇందాకే అచ్చు వేయించి అంటించానండి అన్నయ్యగారూ," అంది లమ్యాయ్ వెనకనుంచి. "గ్రహశాంతికి."

ప్రసోంగ్ మొహంలో నవ్వు పోయింది.

"మావయ్యగారూ, అందులో రాసింది నిజం," అన్నాడు ఫానువత్. "బానెట్ తీసి చూపిస్తాను, ఇంజన్ చూడండి."

"నాకు ఇంజన్ల సంగతి తెలీదు. నేను వెళ్లేసరికి మిగిలేది బ్యాడ్జీయే," అన్నాడు ప్రసోంగ్. అతని భుజం మీద చెయ్యి వేశాడు. కుర్రాడు ఆయనకి నిజంగానే నచ్చాడు.

"గులాబీ కారుకి గులాబీ అని ఎవరూ స్టిక్కర్ వేయరు బాబూ."