కొనుగోలమ్మ కొలత

పెద్ద కంపెనీలు తమ క్యాంటీన్లకు కావలసిన పొడులు, పచ్చళ్లు చిన్న వంటిళ్ల నుంచే కొంటున్న రోజులవి. కొనిపెట్టే యంత్రం ఏ ఇంటి గోడలోంచైనా మాట్లాడేది. అనకాపల్లి ఆడవాళ్లు దానికి కొనుగోలమ్మ అని పేరు పెట్టుకున్నారు.

పెళ్లయిన పంతొమ్మిదో రోజు పొద్దున్నే కొనుగోలమ్మ నీలవేణి వంటింట్లో పలికింది. కందిపొడి ఆర్డరు దొరికితే వేణి ఇక్కడే ఉండిపోవచ్చు. లేకపోతే సోమవారం బెంగుళూరు ఉద్యోగానికి వెళ్లిపోవాలి. మొగుడు సుధీంద్ర ఆ సోమవారాన్నే తలుచుకుంటూ దిగులుగా కందిపప్పు వేయిస్తున్నాడు.

"నమూనా బాగుంది. ఇంగువ ఎంత వేశారు?" అని అడిగింది కొనుగోలమ్మ.

"తగినంత," అంది వేణి.

"తగినంత అంటే ఎన్ని గ్రాములు?"

"ఏదో ఒక అంకె చెప్పెయ్యవే!" అని గుసగుసలాడాడు సుధీంద్ర.

"నిన్న మీరు అంకెలు చూసి చేసిన పొడిని పక్కింటి పిల్లి కూడా ముట్టలేదు. మాట్లాడకుండా గరిటె తిప్పండి," అని అతని బుగ్గకి ఇంత పొడి రాసి, వేణి గోడవైపు తిరిగింది. "తగినంత అంటే తగినంతేనండీ. అది చేతికి తెలుస్తుంది."

సుధీంద్ర గరిటె ఆగిపోయింది.

"మీకు ముందు నాలుగొందల వంటిళ్లు ఇదే మాట చెప్పాయి. అన్ని పొడులూ బాగున్నాయి. లోపం నా కొలతల పట్టికలోనే ఉంది. సరిచేసుకున్నాను. ఆర్డరు మీదే."

సుధీంద్ర వేణిని ఎత్తి గిర్రున తిప్పేశాడు.

"ముందు దింపండి, పప్పు మాడుతోంది!" అని నవ్వుతూనే వేణి గోడని అడిగింది. "ఇంతకీ డబ్బాలు ఎన్ని పంపమంటారండీ?"

"తగినన్ని," అంది కొనుగోలమ్మ.