హామాను పేరు వచ్చినప్పుడల్లా

"వేషం అదిరింది రబ్బీ! ఆ కమిలిన చెంప అచ్చం నిజంలా ఉంది!"

ల్యాప్‌టాప్ తెర మీద క్లీవ్‌లాండ్‌లోని నలభై ఇళ్లవాళ్లు పకపకా నవ్వారు. యూదుల పూరీం పండుగనాడు వేషం వెయ్యనిదెవరు? వాళ్ల గురువైన రబ్బీ నెహామా కూడా నవ్వబోయింది. చిట్లిన పెదవి భగ్గుమంది.

పొద్దున్నే తలుపు తోసుకొచ్చి కొట్టాడు రస్సెల్. విడాకులై ఏడాదైనా పగ చల్లారలేదు. "ముందు మీవాళ్లకు ముఖం చూపించు. చదవడం అవగానే ప్రాణం తీస్తా" అన్నాడు. పదకొండేళ్ల కాపురంలో ఒక్క ప్రార్థనకూ వచ్చి కూర్చోని మనిషి. హెబ్రీ ముక్క రాదు.

ఇప్పుడు తలుపుకు గొళ్లెం పడి ఉంది. ఆమె ఎస్తేరు గ్రంథం చుట్ట విప్పి హెబ్రీలో మొదలుపెట్టింది. "నూట ఇరవై సంస్థానాలను ఏలిన రాజు..."

"నూట ఇరవై ఏడు!" తెర మీంచి అరిచాడు ఎదురు ఫ్లాట్ పెరెట్స్ తాత. నెత్తిన కాగితం కిరీటం. మాంసం కొట్టు కట్టేసి పదేళ్లయినా గొంతు తగ్గలేదు. పండుగ పూట ఎంత వేళాకోళమైనా సహిస్తాడు గానీ, గ్రంథంలో అక్షరం తప్పితే ఊరుకోడు.

మళ్లీ చదివింది. మళ్లీ నూట ఇరవయ్యే. మూడోసారీ అంతే.

"రబ్బీ పొద్దున్నే పుచ్చుకున్నట్టుంది!" ఎవరో అన్నారు. నవ్వులు.

తాత నవ్వలేదు. "ఇరవై ఏళ్లలో ఒక్క తప్పు చదవలేదు కదమ్మా నువ్వు!" అన్నాడు. కాసేపటికి ఆయన కుర్చీ ఖాళీ అయింది.

మూడో అధ్యాయంలో దుర్మార్గుడు హామాను వచ్చాడు. వాడి పేరు వినబడగానే ఆచారం ప్రకారం అందరూ గిన్నెలు బాదారు, నేలను తన్నారు. "చావు! చావు!" అని కేకలేశారు. ఆ మోతలోనే నెహామా ఇంటి తలుపు మీద గొడ్డలి దెబ్బ పడింది.

మోత ఆగగానే దెబ్బా ఆగింది. మళ్లీ హామాను. మళ్లీ దెబ్బ. చెక్క చిట్లింది. ఎంత తెలివి! ఆ పేరు వచ్చినప్పుడే కొడుతున్నాడు.

"ఏం మోత రబ్బీ, కొంప కూల్చేస్తున్నారా?"

నెహామా చదవడం ఆపలేదు. సాయమని అరిస్తే ఆ క్షణమే ప్రాణం పోతుంది. తలుపు వైపు చూడను కూడా లేదు. గొంతు పెంచి చదివింది. హామాను! గొడ్డలి అంచు లోపలికి వచ్చింది. హామాను! గొళ్లెం ఊగింది.

తలుపు బద్దలై, కాగితం కిరీటంతో, మాంసం నరికే గొడ్డలితో పెరెట్స్ తాత లోపలికి దూకేదాకా, ల్యాప్‌టాప్‌కు అవతల తలుపు వైపు వీపు పెట్టి, ఆమె గొంతుకు ఎదురుగా కత్తి పట్టుకుని కూర్చున్న రస్సెల్‌కు ఆ చప్పుడంతా పండుగ మోతే అనిపించింది.