తేలిక లెక్కలు

“ఇగో కట్టయ్యా, ఈడ సంతకం పెట్టు,” అంటూ లెక్కల టీచరు విజయలక్ష్మి సీబీఎస్‌ఈ పదో తరగతి పరీక్ష ఫారాన్ని ముందుకు తోసింది. లెక్కలకు ఎదురుగా స్టాండర్డ్, బేసిక్ అని రెండు గడులున్నాయి. ఆమె అప్పటికే బేసిక్‌లో టిక్కు కొట్టేసింది.

“వద్దు నాయినా!” అంది పక్కనే నిలబడ్డ కట్టయ్య బిడ్డ రేణుక. “బేసిక్ రాస్తే పదకొండుల లెక్కలియ్యరట. లెక్కలు లేకుంటే ఇంజనీరింగ్ ఎట్ల చదువుత?”

“తేలికది రాసి పాసుగావే. ఇంట్ల నీకు లెక్కలు చెప్పేటోళ్లు ఎవరున్నరు?” అంది మేడం.

“నాకెవరు చెప్పాలె మేడం? మీ బిడ్డ శ్రేయకే నేను చెప్తున్న.”

స్టాఫ్‌రూంలో ఎవరో కిసుక్కున నవ్వారు. మేడం మొహం మాడిపోయింది.

“చూసినవా కట్టయ్యా, నీ బిడ్డ నోరు? బయ్యారం కాడ మా చేను కౌలుకు చేసేటోనివని నీ మంచికే చెప్తున్న.”

కట్టయ్య కలం పట్టుకుని ఆగాడు.

“మరి శ్రేయమ్మకు ఏది పెట్టిన్రు మేడం?”

“దానికి స్టాండర్డే. ఇంజనీరు కావాలె గద.”

రేణుక ఆశగా తండ్రిని చూసింది. ఆయనకు అంతా అర్థమైంది. అర్థమై కూడా సంతకం పెట్టాడు. చదువురానోడు మోసపోయాడని చెప్పుకునే దారి కూడా ఆ పిల్లకు మిగల్లేదు.

మేడం ఫారం తీసుకుంది. “రేణుకా, మాపటికి ఇంటికి రా. త్రికోణమితి శ్రేయకు ఇంకా ఎక్కలేదు.”

రేణుక నోరు తెరవకముందే కట్టయ్య అన్నాడు:

“వస్తది మేడం. నేనే తోల్కొస్త.”