తూ 14

గుడిరాళ్ల మీద ఎవరో బొగ్గుతో "తూ" అని రాశారు.

ఒక్కదాని మీద కాదు. తూ 12, తూ 13, తూ 14.

వెంకటనారాయణకు ఒళ్లు మండింది. కారేపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఆ పాత శివాలయాన్ని మరమ్మతు కోసం విప్పి ఏడేళ్లయింది. రాళ్ల గుట్టే మిగిలింది. సోమవారం సోమవారం భార్యతో వచ్చి ఆ గుట్టకే దీపం పెడుతున్నాడు. మళ్లీ నిలబెట్టడానికి వచ్చే సోమవారమే ఇంజనీరు వస్తున్నాడు.

రాళ్ల మధ్య ఒక ముసలాయన. కుడిచెయ్యి చచ్చుబడి వేలాడుతోంది. ఎడమచేతిలో బొగ్గు.

"దేవుని రాయి మీద తూ అని రాస్తవా? లెక్కబెట్టి మరీ ఉమ్ముతున్నవా?"

ముసలాయన నోరు తెరిచాడు. నాలుక తిరగక మాట రాలేదు. ఎడమచెయ్యెత్తి పొద్దు పొడిచే దిక్కు చూపించాడు.

"అవ్, అటే పో. బస్సు అటే వస్తది."

"ఏమండీ," అంది నిర్మలాదేవి, "గీ రాయి మీద ద అని ఉంది. గా దాని మీద ఉ. పిచ్చోడైతే ఇంత వరుసగ రాస్తడా?"

"నీకన్నీ అనుమానాలే. బిందె అందుకో."

సాయంత్రందాకా ఇద్దరూ రాళ్లు కడిగారు. పసుపు పూశారు. బొట్లు పెట్టారు.

ముసలాయన ఏడుస్తూ అక్కడే కూర్చున్నాడు. చివరికి వెంకటనారాయణే రెక్క పట్టి ఆటో ఎక్కించాడు.

సోమవారం ఇంజనీరు ఉదయ్ భాస్కర్ వచ్చాడు. పచ్చటి రాళ్ల చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"నంబర్లేవి?"

"ఏం నంబర్లు సార్?"

"విప్పినప్పుడు రంగుతో వేసిన నంబర్లు వానలకు పోయినయి. పటం వరదలో పోయింది. సున్నం లేకుండ రాయిలో రాయి కూర్చిన గుడి ఇది. ఒక్కటి తారుమారైనా నిలవదు. వరుస తెలిసిన మనిషి ఒక్కడే ఉండె. ఐదారు దినాలు కూసోని రాసిండు గద. తూర్పు గోడకు తూ, దక్షిణానికి ద."

నిర్మలాదేవి దీపం కింద పెట్టి, కొంగుతో ఒక రాయి మీది పసుపు తుడిచి చూసింది.

"ఆయనను మళ్లా పిలవండి సార్." వెంకటనారాయణ చేతులు జోడించాడు. "నేనే పోయి కాళ్లు పట్టుకుంట."

"శుక్రవారం మట్టి చేసిండ్రు. నేను పోయొచ్చిన. బిడ్డ సుమేరా చెప్పుకుంట ఏడ్చింది."

ఈ గుడిని రాయి రాయిగా దించిన మేస్త్రీ జానీ మియా, వరుస మరిచిపోకూడదని, ఏడేళ్లుగా రోజూ నమాజు అయ్యాక దీన్ని తూర్పు గోడ నుంచి మనసులో మళ్లీ కట్టుకునేవాడట.